వర్చువల్ మెషీన్‌లో విండోస్ కీ తీసుకోవట్లేదా? ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

ల్యాప్‌టాప్ గవర్నర్‌పేటలో బిల్లు వేయించి కొన్నదే. అందులో విండోస్ 11 అసలుదే, యాక్టివేట్ అయ్యే ఉంది. వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) దింపుకుని లోపల ఇంకో విండోస్ పెట్టబోతే అది కీ అడుగుతుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన కీ ఉందిగా అని తిరగేసి చూస్తే కింద స్టిక్కరే ఉండదు. ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఆ కీని బయటికి లాగి కొడితే, యాక్టివేట్ కాదు పొమ్మంటుంది.

విండోస్ కీ పనిచేయాలంటే మూడు కలవాలి: ఏ ఎడిషన్‌కి (హోమ్, ప్రో లాంటి రకం) ఇచ్చారు, ఏ పద్ధతిలో అమ్మారు, ఏ మెషీన్‌కి కట్టారు. ఆ లోపలి ఉత్తుత్తి కంప్యూటరే వర్చువల్ మెషీన్ (ఇక్కణ్ణుంచి వీఎం అందాం). అది విండోస్ కంటికి ఇప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వేరే కంప్యూటర్. మీ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డులో కంపెనీవాళ్లు రాసి పెట్టిన కీ ఆ లోపలి కంప్యూటర్‌కి కనిపించదు. అందుకే బయట ఎప్పుడూ అడగని కీ లోపల అడుగుతుంది. "కీ తీసుకోవట్లేదు" అనే కేసుల్లో ఎక్కువ భాగం ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పడమే. మిగతావాటిలో అసలు కీ అడుగుతున్నది విండోసే కాదు.

కమాండ్లూ ఎర్రర్ కోడ్లూ ఇక్కడ పలికినట్టే తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఆ ఇంగ్లీషు అక్షరాలే వరసగా కొట్టండి. స్లాష్ గుర్తుకి ముందు ఒక స్పేస్ ఉంటుంది, తర్వాత ఉండదు.

ముందు, కీ అడుగుతున్నది ఎవరో చూడండి

స్క్రీన్ మీద కీ గడి కనిపించగానే కొట్టేయకండి. ఆ కిటికీ ఎవరిదో చూడండి. నాలుగు చోట్ల అడగొచ్చు.

ఒకటి, వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరే తన లైసెన్స్ కీ అడగడం. పాత వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోలో ఇది ఉండేది. అక్కడ విండోస్ కీ కొడితే ఎన్ని జన్మలకీ తీసుకోదు. 2024 మే నుంచి సొంత వాడకానికి, 2024 నవంబరు నుంచి ఆఫీసు వాడకానికి కూడా వర్క్‌స్టేషన్ ప్రో ఉచితం. కాబట్టి పాత వెర్షన్ తీసేసి కొత్తది వేసుకుంటే ఆ గొడవే ఉండదు.

రెండు, కొత్త వీఎం తయారుచేసే విజార్డ్ అడగడం. వీఎంవేర్‌లో ఈజీ ఇన్‌స్టాల్, వర్చువల్‌బాక్స్‌లో అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్ అంటారు. సగం గోల ఇక్కడే పుడుతుంది.

మూడు, విండోస్ సెటప్ అడగడం. నీలం లేదా ఊదా రంగు తెర మీద "ప్రొడక్ట్ కీ" అని ఉంటుంది.

నాలుగు, ఇన్‌స్టాల్ అంతా అయిపోయాక యాక్టివేషన్ దగ్గర.

మూడో చోట కీ లేకపోతే కంగారు అక్కర్లేదు. కిందే "ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ" అని లింక్ ఉంటుంది, దాన్ని నొక్కితే ఇన్‌స్టాల్ ముందుకు సాగుతుంది. కీ చేతిలో ఉన్నా సరే, వీఎంలో ఈ దారే మంచిది. ముందు విండోస్ లేచి నిలబడనివ్వండి, నెట్ వస్తోందో లేదో చూడండి, ఆ తర్వాత కీ పెట్టండి. సెటప్‌లో కీ తిరస్కరిస్తే ఎందుకో చెప్పదు. లోపలికి వచ్చాక తిరస్కరిస్తే కోడ్ ఇస్తుంది, కోడ్ ఉంటే కారణం దొరుకుతుంది.

వీఎంవేర్‌లో "ఆన్సర్ ఫైల్" ఎర్రర్

విజార్డ్‌లో ఐఎస్ఓ చూపించగానే వీఎంవేర్ "ఈజీ ఇన్‌స్టాల్ వాడతాను, కీ ఇవ్వండి" అంటుంది. చాలామంది గడి ఖాళీగా వదిలి నెక్స్ట్ నొక్కుతారు. సెటప్ మొదలవగానే "విండోస్ క్యాన్‌నాట్ రీడ్ ది ప్రొడక్ట్ కీ సెట్టింగ్ ఫ్రమ్ ది అనటెండ్ ఆన్సర్ ఫైల్" అని పడి అక్కడే ఆగిపోతుంది. ఐఎస్ఓ పాడైందనుకుని మళ్లీ ఐదారు జీబీ డౌన్‌లోడ్ పెట్టేవాళ్లు ఉన్నారు. ఐఎస్ఓకి ఏమీ కాలేదు.

జరిగింది ఇది. మీ బదులు సెటప్‌కి జవాబులు చెప్పడానికి వీఎంవేర్ ఒక చిన్న ఫైల్ రాసి, దాన్ని ఉత్తుత్తి ఫ్లాపీలో పెట్టి వీఎంకి తగిలించింది. విండోస్ సెటప్ ఆ ఫ్లాపీ తెరిచి కీ కోసం వెతికితే అక్కడ ఖాళీ. ఇలా సరిచేయండి:

1. వీఎంని పూర్తిగా పవర్ ఆఫ్ చేయండి. సస్పెండ్ చేస్తే చాలదు, ఎందుకంటే అప్పుడు హార్డ్‌వేర్ తీయనివ్వదు.
2. వీఎం సెట్టింగ్స్ తెరిచి, ఎడమ వైపు జాబితాలో "ఫ్లాపీ" ఎంచుకుని "రిమూవ్" నొక్కండి.
3. సీడీ డ్రైవ్‌లు రెండు కనిపిస్తే, మీ విండోస్ ఐఎస్ఓ ఉన్నది ఉంచి రెండోది తీసేయండి.
4. ఐఎస్ఓ ఉన్న డ్రైవ్‌కి "కనెక్ట్ ఎట్ పవర్ ఆన్" టిక్ ఉందో లేదో చూడండి.
5. వీఎం ఆన్ చేసి, "ప్రెస్ ఎనీ కీ" అని కనిపించిన రెండు మూడు సెకన్లలో వీఎం కిటికీ లోపల క్లిక్ చేసి ఏదో ఒక మీట నొక్కండి. బయట నొక్కితే ఆ నొక్కు ల్యాప్‌టాప్‌కి పోతుంది.

ఇక సెటప్ మామూలుగా, మీ చేత్తో నడుస్తుంది. అసలు ఈ తలనొప్పే వద్దనుకుంటే వీఎం తయారుచేసేటప్పుడే "ఐ విల్ ఇన్‌స్టాల్ ది ఆపరేటింగ్ సిస్టమ్ లేటర్" ఎంచుకోండి. ఐఎస్ఓని తర్వాత సెట్టింగ్స్‌లో తగిలించుకోవచ్చు. ఈజీ ఇన్‌స్టాల్ పేరుకే ఈజీ.

వర్చువల్‌బాక్స్‌లో

2022 అక్టోబరులో వచ్చిన 7.0 నుంచి వర్చువల్‌బాక్స్ విజార్డ్ కూడా ఇదే సాయం చేయబోతుంది. ఐఎస్ఓ చూపించే గడి కిందే అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్ టిక్ ఉంటుంది. దాని పక్కన రాసింది చదివి మరీ నొక్కండి. "స్కిప్" అని ఉంటే టిక్ పెట్టాలి, "ప్రొసీడ్" అని ఉంటే టిక్ తీసేయాలి. వెర్షన్‌ని బట్టి మాట మారింది, అలవాటు కొద్దీ నొక్కితే తిరగబడుతుంది.

దాన్ని వదిలేస్తే రెండు రకాలుగా తగులుతుంది. కీ ఖాళీగా ఉండి పైన చెప్పిన లాంటి ఎర్రర్ రావడం ఒకటి. "విండోస్ క్యాన్‌నాట్ ఫైండ్ ది మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ టర్మ్స్" అని రావడం రెండోది. ఈ రెండో మాట చూసి లైసెన్స్ సమస్య అనుకుంటారు గానీ, దీనికి మామూలుగా కారణాలు రెండే: ఆన్సర్ ఫైల్ అడిగిన ఎడిషన్ ఐఎస్ఓలో లేకపోవడం, లేదా వీఎంకి ర్యామ్ చాలకపోవడం. హైపర్-విలో (విండోస్‌తోనే వచ్చే మైక్రోసాఫ్ట్ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్) డైనమిక్ మెమరీ, అంటే అవసరాన్ని బట్టి మారే ర్యామ్, పెట్టి మొదలు 512 ఎంబీ ఇచ్చినా ఇదే వస్తుంది. ఆ వీఎం చెరిపేసి, 4 జీబీ స్థిరంగా ఇచ్చి, అనటెండెడ్ లేకుండా కొత్తది కట్టండి. సగంలో ఆగినదాన్ని బాగుచేయడం కంటే కొత్తది కట్టడమే త్వరగా అవుతుంది.

విజార్డ్ పని పూర్తిచేసేసి, లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతోందా? మీరు మార్చకపోతే యూజర్ పేరు "వీబాక్స్‌యూజర్", పాస్‌వర్డ్ "చేంజ్‌మీ". రెండూ చిన్న అక్షరాలే. దీన్నీ "కీ సమస్య" అనే ఖాతాలోనే రాస్తుంటారు.

"ఈ పీసీలో విండోస్ 11 నడవదు" అన్నా అది కీకి సంబంధం లేని మాట. 4 జీబీ ర్యామ్, 2 కోర్లు, 64 జీబీ డిస్క్, యూఈఎఫ్ఐ, టీపీఎం 2.0 ఇచ్చారో లేదో చూసుకోండి.

25 అక్షరాలు కొట్టడం

చిన్న విషయమే, కానీ ఇక్కడ పోయే టైమ్ అంతా ఇంతా కాదు. సెటప్ నడుస్తున్నప్పుడు వీఎంలో గెస్ట్ అడిషన్స్ (వీఎంకీ బయటి కంప్యూటర్‌కీ పొంతన కుదిర్చే అదనపు సాఫ్ట్‌వేర్) ఉండవు కాబట్టి కాపీ-పేస్ట్ పనిచేయదు. ఫోన్‌లో ఫోటో చూస్తూ చేత్తో కొట్టాలి. అప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి: విండోస్ కీలో 0, 1, 5 అంకెలు రావు. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అచ్చులు రావు. ఎల్, ఎస్, జడ్ కూడా రావు. చూసేవాళ్లు తికమక పడే అక్షరాలు వీటిలో ఉన్నాయి.

అంటే ఫోటోలో సున్నాలా కనిపించింది సున్నా కాదు, తోక సరిగా పడని క్యూ గానీ డి గానీ అయ్యుంటుంది. ఐదులా కనిపించేది ఎస్ అయ్యే వీల్లేదు, ఐదూ కాదు. అది 6 గానీ జి గానీ కావచ్చు. బి-8 జంట, జి-6 జంట, వి-డబ్ల్యూ-వై ముగ్గురూ ఎక్కువ మోసం చేస్తారు. పాత స్టిక్కర్ మీద అరిగిపోయిన కీ అయితే సందేహం ఉన్న అక్షరం దగ్గర ఈ జంటలు రెండూ ప్రయత్నించండి. ఎవరైనా పంపిన కీలో ఓ అక్షరం గానీ 5 గానీ ఉంటే అది టైపింగ్ తప్పైనా అయ్యుండాలి, బోగస్ కీ అయినా అయ్యుండాలి.

అడ్డగీతలు కొట్టక్కర్లేదు, అవే పడతాయి.

హైపర్-విలో ఒక సుళువుంది. వీఎం కిటికీ పైన మెనూలో "క్లిప్‌బోర్డ్", అందులో "టైప్ క్లిప్‌బోర్డ్ టెక్స్ట్". బయట కాపీ చేసిన కీని వీఎం కీబోర్డు కొట్టినట్టే కొడుతుంది. వర్చువల్‌బాక్స్‌లోనూ వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌తో ఆ పని చేయొచ్చు: "కంట్రోల్‌వీఎం", ఆ తర్వాత వీఎం పేరు, "కీబోర్డ్‌పుట్‌స్ట్రింగ్", చివర కోట్స్‌లో కీ. కొట్టాక ఒకసారి కళ్లతో సరిచూసుకోండి, వీఎం నెమ్మదిగా ఉంటే మధ్యలో అక్షరం మింగేస్తుంది.

ఎడిషన్ కలవకపోవడం

గొడవలకి ఇదే అసలు ఇల్లు. మన దగ్గర షాపుల్లో అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చేది "హోమ్ సింగిల్ లాంగ్వేజ్". దాని కీ హోమ్‌కి సరిపోదు, ప్రోకి అసలే సరిపోదు. సెటప్‌లో కీ వదిలేసి ముందుకు వెళ్తే ఎడిషన్ల జాబితా వస్తుంది. అక్కడ పెద్దది మంచిదని అందరూ ప్రో నొక్కుతారు. తర్వాత చేతిలో ఉన్న హోమ్ కీ కొడితే తీసుకోదు. అప్పుడు ప్రోని హోమ్‌గా మార్చే దారి లేదు, మళ్లీ ఇన్‌స్టాలే. తలకిందులైతే పర్వాలేదు: హోమ్ వేసి ఉండి చేతిలో ప్రో కీ ఉంటే సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్, "చేంజ్ ప్రొడక్ట్ కీ" అని వెళ్లి కొట్టండి. అదే ప్రోగా మారిపోతుంది.

ఇప్పుడు వేసి ఉన్నది ఏదో తెలియాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /గెట్-కరెంట్‌ఎడిషన్" కొట్టండి. పేరులో "ఇవాల్" అనే ముక్క కనిపిస్తే ఆగండి. అది ఇవాల్యుయేషన్ కాపీ, అంటే రుచి చూడ్డానికి ఇచ్చింది. మామూలు కంప్యూటర్లకిచ్చే ఎంటర్‌ప్రైజ్ ఇవాల్యుయేషన్ 90 రోజులు, సర్వర్ ఇవాల్యుయేషన్ 180 రోజులు పనిచేస్తుంది. ఎంటర్‌ప్రైజ్ ఇవాల్యుయేషన్‌కి డబ్బు పోసి కొన్న అసలు కీ కొట్టినా తీసుకోదు, పూర్తి వెర్షన్ ఐఎస్ఓతో మళ్లీ వేయాల్సిందే.

సర్వర్ ఇవాల్యుయేషన్‌కి మాత్రం దారి ఉంది. "ఎస్ఎల్ఎంజీఆర్ /ఐపీకే" అని కీ కొడితే 0ఎక్స్‌సీ004ఎఫ్069 వస్తుంది. అంటే "ఈ ఎడిషన్‌కి ఈ కీ కాదు". దానికి బదులు "డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /సెట్-ఎడిషన్:సర్వర్‌స్టాండర్డ్ /ప్రొడక్ట్‌కీ:మీ కీ /యాక్సెప్ట్ఈయూఎల్ఏ" కొట్టాలి. డేటాసెంటర్ కీ అయితే "సర్వర్‌డేటాసెంటర్". ఒక్కోసారి పది శాతం దగ్గర చాలాసేపు నిలబడి ఉంటుంది, చచ్చిపోయిందని వీఎం ఆపేయకండి. ఆ సర్వర్ డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీని, అంటే నెట్‌వర్క్‌లోని యూజర్ల, కంప్యూటర్ల జాబితాని, నడిపేది) అయితే ఈ మార్పు జరగదు, ముందు ఆ పాత్ర తీసేయాలి. అందుకే ప్రాక్టీసు ల్యాబ్‌లో యాక్టివ్ డైరెక్టరీ పెట్టే ముందే ఎడిషన్ తేల్చుకోండి.

ఇక మొదట్లో వచ్చిన ప్రశ్న: ల్యాప్‌టాప్ కీ వీఎంకి వాడొచ్చా? ల్యాప్‌టాప్‌తో వచ్చినది ఓఈఎం లైసెన్స్, ఆ మదర్‌బోర్డుతోనే పుట్టి దానితోనే పోతుంది. విడిగా డబ్బాలోనో ఆన్‌లైన్‌లోనో కొన్న రిటైల్ లైసెన్స్‌ని ఒక మెషీన్ నుంచి తీసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. కానీ ఒక సమయంలో ఒక్కచోటే. మైక్రోసాఫ్ట్ ఒప్పందంలో నిజం కంప్యూటరైనా వర్చువల్ అయినా ఒక మెషీన్ కిందే లెక్క. కాబట్టి బయట ఒకటి, లోపల ఒకటి నడపాలంటే రెండు లైసెన్సులు కావాలి. ఇంటర్వ్యూకో కోర్సుకో మూడు నెలల ప్రాక్టీసు కోసమైతే కొనే పని లేదు, ఇవాల్యుయేషన్ ఐఎస్ఓ దానికే ఉంది.

ఇన్‌స్టాల్ అయ్యాక కోడ్ వస్తే

ముందు "ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీ" కొట్టండి. ఒక చిన్న కిటికీ వస్తుంది. రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, మళ్లీ మళ్లీ ఎంటర్ నొక్కితే అన్ని కిటికీలూ వస్తాయి. అందులో "డిస్క్రిప్షన్" వరసలో రిటైల్, ఓఈఎం, వాల్యూమ్ (కంపెనీలకి, కాలేజీలకి గుంపుగా ఇచ్చేది) అని ఏదో ఒక మాట ఉంటుంది. "పార్షియల్ ప్రొడక్ట్ కీ" దగ్గర కీలోని చివరి 5 అక్షరాలు ఉంటాయి. మీరు కొట్టిన కీ చివరి 5 అవే అయితే కీ లోపలికి చేరింది, యాక్టివేషన్ దగ్గర ఆగింది. వేరే అక్షరాలు కనిపిస్తే కీ అసలు చేరనేలేదు.

0ఎక్స్‌సీ004ఎఫ్050: కీయే చెల్లదు అంటోంది. టైపింగ్ తప్పు, లేదా వేరే ఎడిషన్ కీ.

0ఎక్స్‌సీ004సీ003: మైక్రోసాఫ్ట్ ఆ కీని బ్లాక్ చేసింది. వందల రూపాయల్లో దొరికే కీలకు చివరికి పట్టే గతి ఇదే. అమ్మినవాడు ఏ కంపెనీకో ఇచ్చిన వాల్యూమ్ కీని వంద మందికి పంచి ఉంటాడు. ఆ కీతో మీరు చేయగలిగేది ఏమీ లేదు, డబ్బు వెనక్కి అడగడం తప్ప.

0ఎక్స్‌సీ004సీ008: ఒకటి కంటే ఎక్కువ మెషీన్లలో వాడేశారు. రిటైల్ కీ మీదే అయితే పాత వీఎంలో "ఎస్ఎల్ఎంజీఆర్ /యూపీకే" కొట్టి కీ తీసేయండి, ఆ తర్వాత కొత్తదాంట్లో "ఎస్ఎల్ఎంజీఆర్ /ఏటీఓ". అయినా ఒప్పుకోకపోతే మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి కొన్న బిల్లు చూపించాల్సి వస్తుంది.

0ఎక్స్‌సీ004ఎఫ్213: ఈ మెషీన్‌లో కీయే కనపడలేదు. ఓఈఎం విండోస్ ఉన్న డిస్క్‌ని వీఎంలోకి తెస్తే వచ్చేది ఇదే. దీని తోబుట్టువు 0ఎక్స్‌సీ004ఎఫ్211, హార్డ్‌వేర్ మారింది అంటుంది.

0ఎక్స్80072ఎఫ్8ఎఫ్: తేదీ, సమయం తప్పు. దీని సంగతి కాస్త వివరంగా చూడాలి.

ఐదున్నర గంటల తేడా

వీఎం గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉందనుకోండి. గుంటూరులో పొద్దున పదైతే లోపల నాలుగున్నర చూపిస్తోంది. ఇది యాదృచ్ఛికం కాదు. వీఎం తయారుచేసేటప్పుడు ఓఎస్ రకం దగ్గర లినక్స్ ఎంచుకుని తర్వాత విండోస్ వేశారన్నమాట. లినక్స్ అనగానే వర్చువల్‌బాక్స్ "హార్డ్‌వేర్ క్లాక్ ఇన్ యూటీసీ టైమ్" టిక్ పెట్టేస్తుంది. విండోస్ ఆ గడియారాన్ని చూసి, అదే మన స్థానిక సమయం అనుకుంటుంది. వీఎం ఆపి, సెట్టింగ్స్, సిస్టమ్, మదర్‌బోర్డ్ దగ్గర ఆ టిక్ తీసేయండి. లోపల టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ ఉన్న వరస కావాలి.

సమయం తప్పితే యాక్టివేషన్ సర్వర్‌తో మాట్లాడే సురక్షిత కనెక్షన్ నిలబడదు. కాలేజీ కేఎంఎస్ సర్వర్ (వాల్యూమ్ లైసెన్స్ ఉన్నచోట లోపలి కంప్యూటర్లన్నిటినీ యాక్టివేట్ చేసేది) అయితే నాలుగు గంటల తేడా దాటితే ఒప్పుకోదు, మన ఐదున్నర దాన్ని ఎలాగూ దాటేస్తుంది.

గడియారం తప్పడానికి ఇంకో దారి, మూత వేసేసిన ల్యాప్‌టాప్. వీఎం నడుస్తుండగానే ల్యాప్‌టాప్ నిద్రపోయి, మర్నాడు లేచినప్పుడు లోపల నిన్నటి టైమే ఉండొచ్చు. గెస్ట్ అడిషన్స్ లేదా వీఎంవేర్ టూల్స్ వేసి ఉంటే సరిదిద్దుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన వీఎం సంగతి ఇంకా అన్యాయం. ఫైళ్లు చెడితే యాక్టివేషన్ సర్వీసే లేవదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద పనిచేస్తుంటే, యాక్టివేట్ కాగానే వీఎంని పద్ధతిగా షట్‌డౌన్ చేసి ఒక స్నాప్‌షాట్ (తర్వాత వెనక్కి రాగలిగేలా వీఎం ఆ క్షణంలో ఉన్న స్థితి) తీసి పెట్టుకోండి.

నెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హాస్టల్ వైఫైలో బ్రౌజర్ తెరిస్తే లాగిన్ పేజీ వచ్చే రకమైతే వీఎం నెట్‌వర్క్‌ని "నాట్" (ఎన్ఏటీ అని ఉంటుంది) మీద ఉంచండి. అప్పుడు ల్యాప్‌టాప్ లాగిన్‌తోనే వీఎం బయటికి పోతుంది. "బ్రిడ్జ్‌డ్" పెడితే వైఫైకి అది కొత్త మనిషిలా కనిపించి, దానికి విడిగా లాగిన్ కావాలంటుంది.

ఒక వీఎం నుంచి ముప్పై కాపీలు తీసేవాళ్లకి

బ్రాడీపేటలో ఏ కోచింగ్ సెంటర్ ల్యాబైనా చేసే పని ఇదే. ఒక వీఎం చక్కగా తయారుచేసి, ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో వేసి అన్ని సిస్టమ్‌లకీ పంచుతారు. తెరిచినప్పుడు వీఎంవేర్ "మూవ్ చేశావా, కాపీ చేశావా" అని అడుగుతుంది. "ఐ కాపీడ్ ఇట్" అంటే వీఎంకి కొత్త గుర్తింపు సంఖ్య, కొత్త నెట్‌వర్క్ అడ్రస్ (మ్యాక్ అడ్రస్) ఇస్తుంది. విండోస్‌కి అది వేరే కంప్యూటర్ అయిపోయి, యాక్టివేషన్ ఊడిపోయే వీలుంది. మీ వీఎంని నిజంగానే పాత డిస్క్ నుంచి కొత్త డిస్క్‌కి మార్చి, పాతది చెరిపేస్తుంటే "ఐ మూవ్‌డ్ ఇట్" నొక్కండి. వర్చువల్‌బాక్స్ క్లోన్ కిటికీలో దీనికి సమానం "కీప్ హార్డ్‌వేర్ యూయూఐడీస్" టిక్, పైన మ్యాక్ అడ్రస్ పాలసీలో అన్నీ ఉంచమనే ఎంపిక. ముప్పై కాపీలకీ "మూవ్‌డ్" నొక్కి తప్పించుకుందామంటే కుదరదు. ఒకే నెట్‌వర్క్‌లో ఒకే మ్యాక్ అడ్రస్‌తో ముప్పై వీఎంలు లేస్తే నెట్ ఎవరికీ సరిగా రాదు, లైసెన్సు మాత్రం ఒకటే.

సరైన పద్ధతి: మూల వీఎంలో కీ పెట్టకుండా, యాక్టివేట్ చేయకుండా సాఫ్ట్‌వేర్లన్నీ వేసి, చివర "సిస్‌ప్రెప్"ని (కాపీలు తీయడానికి వీలుగా విండోస్ గుర్తింపులు చెరిపే, విండోస్‌లోనే ఉండే పనిముట్టు) జనరలైజ్, ఓఓబీఈ, షట్‌డౌన్ ఎంపికలతో నడపండి. అది ఆగిపోయిన స్థితిలోనే కాపీలు తీయండి. ఒక్కో కాపీకి దాని కీ దాని దగ్గరే పెట్టాలి.

కాలేజీకి వాల్యూమ్ లైసెన్స్, కేఎంఎస్ సర్వర్ ఉంటే ఇంకో ఉచ్చు ఉంది. కనీసం 25 క్లయింట్లు (యాక్టివేషన్ అడిగే కంప్యూటర్లు) అడిగితేనే కేఎంఎస్ యాక్టివేషన్ ఇవ్వడం మొదలుపెడుతుంది (సర్వర్ ఓఎస్‌లకైతే 5). ముప్పై వీఎంలు లేచినా 0ఎక్స్‌సీ004ఎఫ్038, అంటే లెక్క చాలలేదు, అని వస్తుంది. ముప్పై ఉన్నాయిగా అని తల పట్టుకోకండి. సిస్‌ప్రెప్ లేకుండా కాపీ తీసినవన్నీ ఒకే క్లయింట్ మెషీన్ ఐడీతో అడుగుతాయి, సర్వర్ వాటిని ఒక్కటిగా లెక్కవేస్తుంది. రెండు వీఎంలలో "ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీ" కొట్టి "క్లయింట్ మెషీన్ ఐడీ" వరస పోల్చండి. ఒకటే అయితే ఒక్కోదాంట్లో "ఎస్ఎల్ఎంజీఆర్ /రీఆర్మ్" కొట్టి రీస్టార్ట్ చేయండి, కొత్త ఐడీ వస్తుంది. రీఆర్మ్ కొన్నిసార్లే పనిచేస్తుంది, ఎన్ని మిగిలాయో అదే కిటికీలో ఉంటుంది.

0ఎక్స్8007232బీ వస్తే వీఎంకి కేఎంఎస్ సర్వర్ ఎక్కడుందో తెలియట్లేదు. డీఎన్ఎస్ సమస్య అది. వీఎంని బ్రిడ్జ్‌డ్‌కి మార్చి చూడండి, లేదా "ఎస్ఎల్ఎంజీఆర్ /ఎస్‌కేఎంఎస్" తర్వాత సర్వర్ పేరు, కోలన్, 1688 కొట్టండి. కేఎంఎస్ యాక్టివేషన్ 180 రోజులే. కాలేజీ వీఎంని ఇంటికి తెచ్చుకుని ఆరు నెలలు కాలేజీ నెట్‌కి తగిలించకపోతే అది దిగిపోతుంది. మళ్లీ ల్యాబ్‌లో ఒకసారి తెరిస్తే సరిపోతుంది.

పాత బిల్లింగ్ కంప్యూటర్‌ని వీఎం చేస్తే

ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో, మిర్చి యార్డు కమీషన్ కొట్లలో ఇంకా కొన్ని పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు విండోస్ 7 మీద నడుస్తున్నాయి. రాసినవాడు ఎక్కడున్నాడో తెలియదు, కొత్త విండోస్‌లో అది లేవదు. కంప్యూటర్ మూలుగుతోందని డిస్క్2వీహెచ్‌డీ అనే మైక్రోసాఫ్ట్ పనిముట్టుతో డిస్క్ మొత్తం వీఎంగా మార్చి కొత్త కంప్యూటర్‌లో తెరుస్తారు. బిల్లింగ్ లేస్తుంది, డేటా అంతా ఉంటుంది, కానీ నల్ల తెర మీద "ఈ విండోస్ అసలుది కాదు" అని వస్తుంది.

బ్రాండెడ్ కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ 7, పాత బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట లేచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) ఉన్న ఒక పట్టికను చూసుకుని తనంతట తనే యాక్టివేట్ అయ్యేది. వీఎం బయాస్‌లో ఆ పట్టిక లేదు. డబ్బా మీద స్టిక్కర్ కీ కొట్టినా ఆ లైసెన్స్ పాత మదర్‌బోర్డుకి కట్టిందే కాబట్టి వీఎంకి తేవడం ఒప్పందంలో లేదు. రిటైల్ కీతో వేసిన విండోస్ అయితే పాత కంప్యూటర్‌ని పక్కన పెట్టేసి మార్చుకోవచ్చు. ఓఈఎం అయితే రెండే దారులు. ఒకటి, పాత మదర్‌బోర్డు బతికున్నంతకాలం అందులోనే నడుపుతూ డేటాకి రోజూ బ్యాకప్. రెండు, లైసెన్సు ఉన్న కొత్త విండోస్‌ని వీఎంలో వేసి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని కంపాటిబిలిటీ మోడ్‌లో ప్రయత్నించడం. ఆ సాఫ్ట్‌వేర్‌కే డాంగిల్ (పెన్‌డ్రైవ్‌లా గుచ్చే తాళం) గానీ హార్డ్‌వేర్ ఐడీ లాక్ గానీ ఉంటే అది విడిగా మొరాయిస్తుంది, దాన్ని విండోస్ కీ సమస్యగా పొరబడకండి. విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇలాంటి వీఎంకి నెట్ కార్డు తీసేసి పెట్టడం మంచిది. బిల్లు ప్రింటు కొట్టడానికి నెట్ అక్కర్లేదు.

ఈ దశలో ఎవరో ఒకరు యాక్టివేటర్ అని ఒక జిప్ ఫైల్ పంపుతారు. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. పార్టీల ఖాతాలూ, జీఎస్టీ లెక్కలూ ఉన్న మెషీన్‌లో యాంటీవైరస్ ఆపి, ఎవరు రాశారో తెలియని ఫైల్‌కి అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇవ్వడమన్నమాట.

వేరేవాళ్లని అడిగేటప్పుడు

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే, సాయం అడిగే ముందు నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి: వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ పేరూ వెర్షనూ, ఐఎస్ఓ ఎక్కణ్ణుంచి దింపారు, డీఐఎస్ఎం చూపించిన ఎడిషన్, పూర్తి ఎర్రర్ కోడ్. "ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీ" కిటికీ ఫోటో పంపొచ్చు, అందులో చివరి 5 అక్షరాలే కనిపిస్తాయి. కీ కొడుతున్న గడి ఫోటో మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. సాయంత్రానికల్లా ఆ కీ ఇంకెవరి వీఎంలోనో యాక్టివేట్ అయి, మీకు 0ఎక్స్‌సీ004సీ008 వస్తుంది.